మొదటిసారి దాంపత్య సాధనం కొనే భార్యాభర్తలకు

పిల్లలు ఎప్పుడు కావాలి, ఎంతమంది కావాలి అన్నది భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోవాలని ఆరోగ్య కేంద్రాల్లో ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాం. పడకటింటి సుఖం గురించి మాట్లాడుకోమని చెప్పేవారు మాత్రం తక్కువ. దాంపత్య సుఖం కోసం అమ్మే సాధనాలు, అంటే వైబ్రేటర్, మసాజర్, రింగు వంటివి, ఇప్పుడు సెల్‌ఫోన్‌లో నొక్కితే పార్సిల్‌లో వస్తున్నాయి. ఉరవకొండకే కాదు, వజ్రకరూరుకూ, విడపనకల్లుకూ, బెళుగుప్పకూ వస్తాయి. కొనేవారు కొంటున్నారు. ఏది మంచిది, ఏది చెడ్డది అని ఎవరిని అడగాలో తెలియదు. అడగడానికి సిగ్గు. ఆ సిగ్గు వల్ల చేతికందిన వస్తువేదో వాడి, లోపల గాయం చేసుకుని, అది కూడా చెప్పుకోలేక బాధపడేవారు ఉంటారు. అందుకని తెలిసిన మాట దాచకుండా చెబుతున్నాం.

ముందే ఒక సంగతి. ఈ సాధనం లేకపోతే కాపురం కుంటుపడుతుందని ఎవరూ అనుకోవద్దు. ఇది ఉప్పూ పప్పూ కాదు, కొని తీరాలని లేదు. వద్దనుకున్నవారు నూనె గురించి, ఎండ గురించి రాసిన భాగాలైనా చదవండి. నిరోధ్ వాడే ప్రతి ఇంటికీ అవి పనికివస్తాయి.

నిన్న మొన్న పుట్టినది కాదు

ఇది పట్నం వాళ్ల వింత అని కొందరు ముక్కున వేలు వేసుకుంటారు. వాత్స్యాయనుడి కామసూత్రాల చివరి భాగంలో బంగారం, వెండి, రాగి, దంతం, కొమ్ము, కొయ్యతో చేసిన ఇట్లాంటి సాధనాల ప్రస్తావన ఉంది. సీసంతో చేసినవి కూడా చెప్పాడాయన. సీసం ఒంటికి విషమని ఇవాళ మనకు తెలుసు. కాబట్టి పాతదంతా మంచిదనీ అనుకోకూడదు.

నిరోధ్ సంగతే చూడండి. 1968లో ప్రభుత్వం మూడు నిరోధ్‌లను 15 పైసలకు అమ్మించడం మొదలుపెట్టింది. టీ పొడి, సబ్బులు, బ్యాటరీలు పల్లెలకు చేరవేసే కంపెనీల చేతనే దాన్నీ చిల్లర అంగళ్లకు చేర్పించారు. అప్పట్లో ఆ పేరు చెప్పి అడగాలంటే అంగడిలో జనం పలచబడేదాకా నిలబడేవారు. ఇప్పుడు ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు, ఆశా కార్యకర్త దగ్గరా దొరుకుతుంది.

ఆ నిరోధ్ తయారు చేసే హిందుస్తాన్ లేటెక్స్ అనే ప్రభుత్వ కంపెనీయే 2007లో "క్రెజెండో" అనే పెట్టె అమ్మకానికి తెచ్చింది. అందులో కండోమ్‌లతో పాటు బ్యాటరీతో అదిరే చిన్న రింగు ఉండేది. మధ్యప్రదేశ్‌లో ఒక మంత్రి, ఇది కండోమ్ కాదు, సెక్స్ బొమ్మ అని గట్టిగా అభ్యంతరం చెప్పారు. కండోమ్ అంటే మొహం తిప్పుకునే మగవారి చేత వాడించడానికే తెచ్చామని కంపెనీ అన్నది. మమ్మల్ని అడిగితే రెండూ నిజమే. అది సుఖసాధనమూ అవును, కుటుంబ నియంత్రణకు తోడూ అవును. సుఖం వేరు, ఆరోగ్యం వేరు అని మధ్యలో గోడ కట్టడం వల్లనే మనవారు సగం మాటలు డాక్టరు దగ్గర మింగేస్తున్నారు.

చట్టం సంగతి కూడా అడుగుతుంటారు. అశ్లీల వస్తువులు అమ్మడం, ప్రదర్శించడం నేరం. పాత శిక్షాస్మృతిలో ఇది 292వ సెక్షన్‌లో ఉండేది, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 294వ సెక్షన్‌లో ఉంది. భార్యాభర్తలు తమ ఇంట్లో ఇట్లాంటి సాధనం ఉంచుకోవడం నేరమని ఆ సెక్షన్ చెప్పదు. విదేశాల నుంచి వచ్చిన బాడీ మసాజర్లను కస్టమ్స్‌వారు అశ్లీల వస్తువులని పట్టుకుంటే, వాటిని నిషిద్ధ సరుకు అనలేమని 2024లోనే బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది. అందుకే వీటిలో చాలావాటిని మసాజర్ అనే పేరుతోనే అమ్ముతారు.

సుఖం ఎక్కడ ఉంది?

సాధనం ఎంచుకునే ముందు ఒంటి గురించి ఒక మాట తెలియాలి. పెళ్లయి పదేళ్లయినా చాలామందికి తెలియని మాట ఇది.

స్త్రీకి యోని పైభాగాన, మూత్రద్వారానికి కాస్త పైన, చిన్న మొగ్గలాంటి భాగం ఉంటుంది. డాక్టర్లు దాన్ని క్లైటోరిస్ అంటారు. బయటికి కనిపించేది కొంచెమే. లోపల అది రెండు వైపులా చాలా దూరం విస్తరించి ఉంటుందని 1998లో ఆస్ట్రేలియాకు చెందిన డాక్టర్ హెలెన్ ఒకానెల్ విప్పి చూపించారు. స్త్రీకి సుఖం ముఖ్యంగా ఇక్కడి నుంచే కలుగుతుంది. కేవలం సంభోగం వల్ల పూర్తి తృప్తి కలగని స్త్రీలు చాలామంది ఉన్నారు. అది ఆమె జబ్బూ కాదు, భర్త చేతకానితనమూ కాదు. ఒంటి నిర్మాణమే అట్లాంటిది.

ఇది తెలిస్తే సాధనం ఎంపిక సగం తేలిపోతుంది. ఫోన్‌లో చూపించే వాటిలో పెద్దవి, పొడుగువి, భయం పుట్టించేవి మొదటిసారికి అక్కరలేదు. అరచేతిలో ఇమిడే చిన్న మసాజర్, పైన మాత్రమే ఆనించి వాడేది, మొదటిసారి కొనేవారికి అన్నిటికన్నా మంచిది. లోపలికి పోయేది ఏదీ లేదు కాబట్టి గాయం భయం తక్కువ, శుభ్రం చేయడం తేలిక. వేగం తక్కువ నుంచి ఎక్కువకు మార్చుకునే వీలుండాలి. తక్కువతో మొదలుపెట్టి, చీర మీదుగానో లుంగీ మీదుగానో ఆనించి చూసి, ఒంటికి అలవాటైన తరువాతే నేరుగా వాడండి. మగవారికి కూడా ఇదే వస్తువు పనికివస్తుంది. సుఖం ఒకవైపే ఉండాలని లేదు.

అదిరే రింగు మగవారు తొడుక్కునేది. మెత్తగా సాగేదే కొనాలి. లోహపు రింగు, గట్టి ప్లాస్టిక్ గాజు, దారం, రబ్బరు బ్యాండు ఎన్నటికీ వద్దు. వాచిందంటే తీయడం చేతకాక ఆసుపత్రిలో కోయవలసి వస్తుంది. మెత్తని రింగైనా ఇరవై ముప్పై నిమిషాలకు మించి ఉంచకూడదు. నొప్పి, చల్లబడడం, రంగు మారడం కనిపిస్తే వెంటనే తీసేయాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు దీని జోలికి పోవద్దు.

ముందు మాట, తరువాత పార్సిల్

భార్యకు చెప్పకుండా తెప్పించి రాత్రి చూపిస్తే ఆశ్చర్యపోతుందని కొందరు మగవారు అనుకుంటారు. ఆశ్చర్యపోదు, భయపడుతుంది. "నాలో ఏం తక్కువైంది?" అని మనసులో పెట్టుకుంటుంది. భార్య అడిగితే భర్తకూ అదే అనుమానం, "నేను చాలనా?" అని. నిజానికి ఈ వస్తువు వల్ల వచ్చే చిక్కుల్లో ఒంటికి వచ్చేవాటికన్నా ఇట్లాంటివే ఎక్కువ.

కాబట్టి పక్క మీద కాకుండా, పగటిపూట, తీరికగా ఉన్నప్పుడు మాట ఎత్తండి. పెద్ద ఉపోద్ఘాతం అక్కరలేదు. "ఏమయ్యా, ఆరోగ్య కేంద్రంలో ఈ కాగితం ఇచ్చినారు, చదివి చూడు, నీకేమనిపిస్తాదో చెప్పు" అంటే చాలు. చదువు రానివారికి చదివి వినిపించండి. వెంటనే సమాధానం కావాలని పట్టుబట్టవద్దు. వద్దంటే అది వద్దే. "ఈసారికి చూద్దాంలే" అని బలవంతపెట్టడం, అలగడం, సినిమాల్లోనివీ ఫోన్‌లోనివీ చూపించి అట్లా చేయమనడం తప్పు. సరేనన్న తరువాత మధ్యలో "చాలు" అంటే అక్కడే ఆపాలి. పడకలో చేసే హింస కూడా హింసేనని 2005 గృహహింస చట్టం చెబుతుంది. అట్లాంటి బాధ ఉన్న స్త్రీలు 181కి ఫోన్ చేయవచ్చు. భార్యకు పద్దెనిమిది నిండకపోతే అసలు సంభోగమే నేరమని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

బెంగళూరుకు కూలికి పోయి నెలల తరబడి వేరుగా ఉండే దంపతులు మన వైపు ఎక్కువ. ఒంటరిగా ఉన్నప్పుడు వాడుకుంటే తప్పా అని అడగవచ్చు. ఆరోగ్యానికి కీడు లేదు. ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ ఒప్పుకున్నది అయితే కాపురానికీ కీడు లేదు. వాడేటప్పుడు ఫోన్‌లో ఫోటోలు, వీడియోలు తీసి పంపించుకోవడం మాత్రం మానుకోండి. ఫోన్ పోయినా, రిపేరుకు ఇచ్చినా ఆ బొమ్మ ఎవరి చేతికి పోతుందో మనకు తెలియదు.

దేనితో చేసింది?

వజ్రకరూరు చేలల్లో తొలకరి వాన పడగానే జనం రాళ్లు ఏరడానికి పోతారు. మెరిసినదల్లా వజ్రం కాదని ఏరేవారికి బాగా తెలుసు. ఈ పెట్టెల మీది మెరుపులూ అంతే. పెట్టె మీద స్త్రీ బొమ్మ ఎంత బాగుందని కాదు, వస్తువు దేనితో చేశారని చూడాలి.

మంచివి నాలుగు. మెడికల్ గ్రేడ్ సిలికాన్, గట్టి ఏ.బి.ఎస్. ప్లాస్టిక్, స్టెయిన్‌లెస్ స్టీలు, వేడికి పగలని బోరోసిలికేట్ గాజు. వీటికి కంటికి కనిపించని రంధ్రాలు ఉండవు. మురికి లోపలికి ఇంకదు. కడిగితే పోతుంది. స్టీలు చెంబుకూ మట్టి ముంతకూ తేడా మీకు తెలిసిందే. ముంత ఎంత కడిగినా పాత వాసన వదలదు.

చౌకగా దొరికే మెత్తని జెల్లీ రబ్బరు, పి.వి.సి. వస్తువులు ముంతలాంటివి. వాటిని మెత్తబరచడానికి థాలేట్లు అనే రసాయనాలు కలుపుతారు. అవి మెల్లగా బయటికి వస్తాయి, ఒంటికి మంచివి కావు. పెట్టె తెరవగానే కొత్త ప్లాస్టిక్ చెప్పుల వాసన గుప్పుమంటే, పట్టుకుంటే జిగురుగా ఉంటే, వాడవద్దు. డబ్బు పోయిందే అని బాధపడి వాడితే తరువాత మందులకు అంతకన్నా ఎక్కువ పోతుంది. తప్పనిసరై వాడవలసివస్తే ప్రతిసారీ కొత్త నిరోధ్ తొడిగి వాడండి.

తరువాత చేత్తో తడిమి చూడండి. అతుకుల దగ్గర పదునుగా ఉందా? వేలి చివర, పెదవి మీద రాసి చూస్తే గీసుకుంటుందా? బ్యాటరీ మూత బిగుతుగా ఉందా? పైపూత పెచ్చులుగా లేస్తోందా? ఇట్లాంటి సాధనాలకు 2021లో ఐ.ఎస్.ఒ. 3533 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. తయారీదారు దాన్ని పాటించానని పెట్టె మీద చెబితే మంచి గుర్తే. లేకపోయినా తయారీదారు పేరు, చిరునామా, ఏ పదార్థమో స్పష్టంగా రాసి ఉండాలి. ఏమీ రాయని పెట్టెను తిప్పి పంపండి.

గోడ ప్లగ్గులో పెట్టి వాడే వస్తువు తడి చోట వాడకూడదు. సెల్‌ఫోన్ చార్జర్‌తో చార్జి చేసుకునేది మేలు. చార్జి పెట్టి ఉన్నప్పుడు వాడవద్దు. ఒకే గది ఇళ్లలో, పక్కనే అత్తమామలు పడుకునే ఇళ్లలో మోత కూడా చూసుకోవాలి. ఎక్కువ మోత చేసేది కొంటే అది ట్రంకుపెట్టెలోనే ఉండిపోతుంది.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. కూరగాయలు, సీసాలు, కొవ్వొత్తులు, చీపురు కట్టె, పెన్ను వంటి ఇంటి వస్తువులు లోపలికి ఎన్నటికీ వాడవద్దు. విరుగుతాయి, చీరుతాయి, మురికి చేరుస్తాయి. యోని దారి గర్భసంచి ముఖద్వారం దగ్గర మూసుకుపోయి ఉంటుంది కాబట్టి అక్కడ వస్తువు కడుపులోకి పోదు. మలద్వారం అట్లా కాదు. దానికి అడ్డు లేదు, వస్తువును లోపలికి లాగేసుకుంటుంది. కాబట్టి అక్కడ వాడదలిచినవారు కింది భాగం వెడల్పుగా, గరాటు నోరులా ఉన్న వస్తువు మాత్రమే వాడాలి. మలద్వారానికి తాకిన వస్తువును కడగకుండా, నిరోధ్ మార్చకుండా యోనికి తాకించకూడదు. మూత్రంలో మంట, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట అట్లాగే మొదలవుతాయి.

బుడ్డల నూనె వంటింటికే

మన జిల్లాలో బుడ్డల నూనె లేని ఇల్లు ఉండదు. చేతికి అందేది అదే కాబట్టి పొడిగా ఉందని కాస్త రాసుకునేవారు ఉన్నారు. నిరోధ్ వాడేవారు ఈ పని చేశారంటే నిరోధ్ వాడనట్టే లెక్క. నిరోధ్ లేటెక్స్ రబ్బరు. నూనె తగిలితే అది బలం కోల్పోయి చిరుగుతుంది. బేబీ ఆయిల్ వంటి ఖనిజ నూనె తగిలిన 60 సెకన్లలోనే లేటెక్స్ బలం చాలావరకు పోతుందని 1989లో ప్రచురించిన ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. వేరుశనగ నూనె, కొబ్బరినూనె, ఆముదం, నెయ్యి, వెన్న, వాసెలిన్, ముఖానికి రాసుకునే క్రీములు, ఏవీ లేటెక్స్‌తో వాడవద్దు. కంటికి చిరుగు కనిపించదు. నెల తప్పిన తరువాతే తెలుస్తుంది.

వాడవలసినది నీటితో చేసిన జెల్. లేటెక్స్‌కూ సిలికాన్ సాధనానికీ రెండింటికీ అది పనికివస్తుంది. సిలికాన్ జెల్ నిరోధ్‌కు హాని చేయదు గానీ సిలికాన్ సాధనం పైపొరను పాడుచేయవచ్చు. మెడికల్ షాపులో ఉత్తగా "జెల్లీ ఇవ్వండి" అంటే మూత్రపు గొట్టం వేయడానికి వాడే మొద్దుబారే జెల్లీ, అంటే లిగ్నోకెయిన్ జెల్లీ ఇచ్చేస్తారు. అది రాసుకుంటే నొప్పి తెలియదు. నొప్పి తెలియనప్పుడు గాయమవుతున్నా తెలియదు. కాబట్టి "నీటితో చేసిన లూబ్రికెంట్, మందు కలపనిది" అని స్పష్టంగా అడగండి. అడగడానికి సిగ్గైతే కాగితం మీద రాసి ఇవ్వండి. ఇందులో షాపువాడు నవ్వవలసినది ఏమీ లేదు.

బిడ్డకు పాలిచ్చే తల్లులకు, ముట్లు ఆగిపోయిన వారికి సహజంగానే పొడితనం ఎక్కువ ఉంటుంది. భర్త మీద ఇష్టం తగ్గిందని దాని అర్థం కాదు. జెల్ వాడితే చాలావరకు సరిపోతుంది, చాలకపోతే డాక్టరు వేరే మందు ఇస్తారు.

కడగడం, దాచడం

వాడక ముందు ఒకసారి, వాడిన తరువాత ఒకసారి సబ్బుతో కడగండి. మామూలు స్నానపు సబ్బు, ఒక చెంబు మంచినీళ్లు చాలు. డెట్టాల్, ఫినాయిల్, బట్టల సోడా పనికిరావు, సున్నితమైన చర్మాన్ని కాల్చేస్తాయి. మోటారు లేని ఉత్త సిలికాన్ లేదా స్టీలు వస్తువైతే నీళ్లలో అయిదు నిమిషాలు మరిగించవచ్చు. మోటారు ఉన్నదాన్ని మరిగిస్తే పాడైపోతుంది. నీళ్లలో ముంచవచ్చా లేదా అన్నది కూడా పెట్టె మీద చూసుకోవాలి. తరువాత శుభ్రమైన పాత నూలుగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, గుడ్డసంచిలో పెట్టండి. తడిగా మూటకడితే బూజు పడుతుంది. నీళ్లకు కటకటగా ఉండే రోజుల్లో నిరోధ్ తొడిగి వాడితే కడిగే పని తేలికవుతుంది.

సాధనం పక్కింటివారికీ, స్నేహితులకూ ఇచ్చిపుచ్చుకునే వస్తువు కాదు. హెచ్.పి.వి., హెపటైటిస్-బి, హెచ్.ఐ.వి. వంటివి దాని మీది తడి ద్వారా అంటుకోవచ్చు. భార్యాభర్తల్లో ఒకరికి అంటువ్యాధి ఉంటే, ఒకరు వాడి ఇంకొకరు వాడే ముందు కడగాలి, లేదా నిరోధ్ మార్చాలి. హెచ్.ఐ.వి. గురించి అనుమానం ఉంటే ఐ.సి.టి.సి. కేంద్రంలో ఉచితంగా పరీక్ష చేస్తారు, సంగతి బయటికి చెప్పరు. 1097కు ఫోన్ చేసి కూడా అడగవచ్చు.

ఇక మన ఎండ సంగతి. మే నెలలో రేకుల కప్పు కింద, మోటారు సైకిల్ డిక్కీలో ఏది పెట్టినా ఉడుకుతుంది. నిరోధ్‌నూ, సాధనాన్నీ రేకుల కింద చూరులో, డిక్కీలో, ప్యాంటు వెనుక జేబులోని పర్సులో దాచవద్దు. వేడికీ రాపిడికీ లేటెక్స్ పెళుసుబారుతుంది, బ్యాటరీ ఉబ్బుతుంది. మట్టి గోడ వైపు, నేలకు దగ్గరగా, చల్లగా ఉండే మూల మంచిది. నిరోధ్ పొట్లం మీద గడువు తేదీ చూసుకోవడం మరువవద్దు.

చిన్నపిల్లలున్న ఇంట్లో తప్పకుండా తాళం వేయండి. సిగ్గు కోసం మాత్రమే కాదు. చిన్న రింగుల్లో, చిన్న మసాజర్లలో గుండీ అంత బ్యాటరీ ఉంటుంది. పాకే బిడ్డ దాన్ని మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలి పుండుపడవచ్చు. మింగినట్టు అనుమానం వచ్చినా 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఎక్కడి బ్యాటరీ అని చెప్పడానికి సిగ్గుపడి ఆలస్యం చేస్తే బిడ్డ ప్రాణానికే ముప్పు.

సాధనంతో తీరనివి

మగవారిలో అంగస్తంభన తగ్గితే దానికి రింగు కొని ఊరుకోవద్దు. షుగరు, బీపీ, గుండె రక్తనాళాల జబ్బు ముందుగా ఇట్లాగే బయటపడవచ్చు. ఆరోగ్య కేంద్రంలో షుగరు, బీపీ పరీక్ష చేయించుకోండి. బస్టాండుల్లో, సంతల్లో అమ్మే "శక్తి" బిళ్లలు కొనవద్దు. ఇట్లాంటి వాటిలో పేరు చెప్పకుండా సిల్డెనాఫిల్ అనే మందు కలిపినవి దొరుకుతుంటాయి. గుండెనొప్పికి సార్బిట్రేట్ వంటి మాత్రలు వాడేవారు అది మింగితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

స్త్రీకి సంభోగంలో ప్రతిసారీ నొప్పి, రక్తం, దురద, వాసన ఉంటే సాధనం పక్కన పెట్టి డాక్టరుకు చూపించండి. కొందరికి భయం వల్లనో, పాత చేదు అనుభవం వల్లనో యోని బిగుసుకుపోతుంది. దానికి చికిత్స ఉంది. డాక్టర్లే చిన్న సైజు నుంచి మొదలుపెట్టి మెత్తని సాధనాలతో మెల్లగా అలవాటు చేయిస్తారు. మొండితనం అని తిట్టే జబ్బు కాదు.

కొందరికి వచ్చే అనుమానాలు

దీనికి అలవాటు పడితే నరాలు చచ్చుబడతాయా? పడవు. ఎక్కువసేపు, ఎక్కువ వేగంతో వాడితే కాసేపు తిమ్మిరిగా ఉంటుంది, ఆపితే పోతుంది.

ఇంక భర్త అక్కరలేకుండా పోతాడా? మిక్సీ వచ్చిందని రోలు తెలిసిన ఇల్లాలి చేతివంట రుచి పోయిందా? మాట, స్పర్శ, ప్రేమ ఈ వస్తువు ఇవ్వలేదు. అవి లేని ఇంట్లో ఇదీ పనికిరాదు.

గర్భం రాకుండా ఆపుతుందా? ఆపదు. ఇది కుటుంబ నియంత్రణ సాధనం కాదు. నిరోధ్, కాపర్-టి, అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు, ఆపరేషన్, వీటిలో ఏదో ఒకటి మీకు ఉండాలి. కాపర్-టి ఉన్నవారు పైన ఆనించే మసాజర్ నిర్భయంగా వాడుకోవచ్చు. లోపలికి పోయేది వాడినప్పుడు దారం తగిలినట్టున్నా, కడుపునొప్పి వచ్చినా ఏ.ఎన్.ఎం. చేత చూపించుకోండి.

గర్భిణులు వాడవచ్చా? డాక్టరు సంభోగం వద్దన్నవారు, రక్తం కనిపించినవారు, మాయ కిందికి ఉన్నవారు వాడకూడదు. మిగతావారు పైన ఆనించేది నెమ్మదిగా వాడుకోవచ్చు. కాన్పు తరువాత ఆరు వారాలు ఆగి, కుట్లు మానాయని చూపించుకున్న తరువాతే లోపలికి ఏదైనా.

లోపల ఇరుక్కుంటే? మలద్వారంలో ఇరుక్కున్నదాన్ని పట్టుకారుతోనో, కడ్డీతోనో తీయడానికి ప్రయత్నించవద్దు, విరేచనం మందు తాగవద్దు. అదే రాత్రి ఉరవకొండ ప్రభుత్వ ఆసుపత్రికి రండి, అక్కడ వీలుకాకపోతే అనంతపురం సర్వజన ఆసుపత్రికి పంపుతారు. ఏ వస్తువు, ఎంత పొడుగు, గాజా ప్లాస్టిక్కా, ఎప్పుడు జరిగింది అన్నవి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. డాక్టరుకు కావలసింది అంతే. పడి గుచ్చుకుందని కథ చెబితే తీయడమే ఆలస్యమవుతుంది.